వజీఫా ఎవరి హక్కు?

చార్మినార్ చుట్టుపక్కల ఉర్దూ చదివే ఇళ్లలో సర్కారీ నౌకరీ చేసిన పెద్దమనిషి రిటైర్ అయితే ఒక మాట వాడతారు. ‘వజీఫా హుస్నే ఖిద్మత్’ మీద ఆయన ‘సుబుక్‌దోష్’ అయ్యారని. హుస్నే ఖిద్మత్ అంటే చక్కగా చేసిన సేవ. సుబుక్‌దోష్ అంటే భుజాలు తేలికైన మనిషి. ఇన్నేళ్లు మోసిన బరువు దించుకున్నాడు, ఇక బతుకు చింత లేదు అన్న భావం ఆ ఒక్క మాటలో ఉంది. మన ‘పదవీ విరమణ’లో ఆగిపోవడం ఉంది గానీ తేలికపడటం లేదు.

వజీఫా అన్న మాట ఇంకా చిత్రమైనది. అరబ్బీ నుంచి వచ్చింది. మన ఊళ్లో పెన్షన్‌నీ వజీఫా అంటారు, పిల్లల స్కాలర్‌షిప్‌నీ వజీఫా అంటారు, రోజూ ఇన్నిసార్లని లెక్కపెట్టుకుని చదివే ప్రార్థననీ వజీఫా అనే అంటారు. గల్ఫ్‌కి పోయొచ్చిన బర్కాస్ కుర్రాళ్లని అడిగితే, అక్కడ వజీఫా అంటే ఉద్యోగమే అని చెప్తారు. అంటే చేసే పని, పని అయిపోయాక వచ్చే భరోసా, రోజూ తప్పకుండా నెరవేర్చాల్సిన బాధ్యత, మూడూ ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయి.

తెలుగులో మనం వీటిని విడివిడిగా పెట్టుకున్నాం. జీతం, గౌరవ వేతనం, పారితోషికం, పింఛను, ఉపకార వేతనం, భృతి, ఆసరా, చేయూత. ఈ మాటల్ని రెండు కుప్పలుగా పోయడం కష్టం కాదు. జీతం, ఉద్యోగి పెన్షన్ ఒక కుప్ప. అవి బాకీలు. ఇవ్వకపోతే కోర్టుకి పోవచ్చు. గౌరవ వేతనం, పారితోషికం, ఆసరా, చేయూత ఇంకో కుప్ప. అవి ఇచ్చేవాళ్ల మనసు మీద ఆధారపడినవి. వాటి పేర్లలోనే ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద ఉంటాయి.

నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న ఈ రెండు కుప్పల మధ్య నిలబడిన మనుషుల గురించి. ప్రభుత్వం తరఫున జనానికి సంక్షేమం అందించేవాళ్ల ఉద్యోగం ఎలాంటిదై ఉండాలి? వాళ్లకి భద్రత ఎంత ఉండాలి? పింఛను ఫారం నింపిపెట్టే మనిషికి పింఛను లేకపోవడం ఒక విచిత్రం మాత్రమేనా, లేక అందులో అన్యాయం ఉందా? ఉంటే ఎవరికి?

*

మదీనా సెంటర్ దగ్గర దివాన్ దేవిడి ఉంది. ఇప్పుడు అదంతా బట్టల దుకాణాలు. ఒకప్పుడు సాలార్‌జంగ్‌ల నివాసం. మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యేనాటికి ఆయనకి ఇరవై నాలుగేళ్లు. అప్పట్లో నిజాం రాజ్యంలో శిస్తు వసూలు గుత్తకి ఇచ్చేవారు. గుత్తేదారు సర్కారుకి ఇంత కడతానని ఒప్పుకుంటాడు. ఆ పైన రైతు నుంచి పిండుకున్నది ఆయనదే. ఖజానా అప్పుల్లో ఉంది, రైతు దివాళా తీశాడు, మధ్యలోవాడు మాత్రం బాగున్నాడు. సాలార్‌జంగ్ ఈ గుత్తల్ని క్రమంగా తీసేసి, వాటి స్థానంలో నెల జీతం తీసుకునే తాలూక్‌దార్లని పెట్టాడు. 1865లో జిలాబందీ పేరుతో జిల్లాల పాలన ఏర్పాటైంది.

ఆయన ఈ పని రైతుల మీద ప్రేమతోనే చేశాడని నేను అనను. ఖజానా నిండటమే ముఖ్యమైన కారణం కావచ్చు. కానీ దాని వెనుక ఉన్న సూత్రం గట్టిది. ప్రతి వసూలు మీద వాటా ఉన్న మనిషి ఒకలా ప్రవర్తిస్తాడు. వసూలు ఎంతైనా తన కూడు తనకి దొరుకుతుందని తెలిసిన మనిషి ఇంకోలా ప్రవర్తించగలడు. ప్రవర్తిస్తాడని హామీ లేదు. ప్రవర్తించగలడు, అంతే. ఆ ‘గలడు’ని కొనడానికే రాజ్యం జీతం ఇస్తుంది. మాక్స్ వెబర్ తర్వాత ఎప్పుడో ఆధునిక అధికారి లక్షణాలు రాస్తూ, నిర్ణీత జీతాన్నీ ముసలితనానికి పెన్షన్‌నీ అందులో చేర్చాడు. అంటే వెబర్ లెక్కలో పెన్షన్ ఉద్యోగికి దొరికే అదనపు సుఖం కాదు, ఆ ఉద్యోగం నిర్మాణంలోనే ఒక భాగం.

ఈ సూత్రాన్ని మనం వసూలు చేసే చోట ఒప్పుకున్నాం. ఇన్‌కమ్ టాక్స్ అధికారికి వసూలు మీద కమీషన్ ఇద్దామని ఎవరూ అనరు. పంచే చోటికి వచ్చేసరికి మాత్రం నూటయాభై ఏళ్లు వెనక్కి పోయాం. రేషన్ డీలర్‌కి కమీషన్. మీసేవ సెంటర్ నడిపే మనిషికి ఇన్ని దరఖాస్తులకి ఇంత. ఆశా కార్యకర్తకి పనిని బట్టి పారితోషికం. అంగన్‌వాడీ టీచర్‌కి గౌరవ వేతనం. జీతం అన్న మాట ఒక్కచోటా లేదు.

*

మా పెద్దమ్మ పాతబస్తీలో అంగన్‌వాడీ టీచర్‌గా ముప్పై ఏళ్లకి పైగా పనిచేసింది. అద్దెకి తీసుకున్న ఒక గది, గోడకి వేలాడే తూకం, చార్టులు, నాచారం నుంచి వచ్చే బాలామృతం ప్యాకెట్లు. గల్లీలో హిందూ ఆడవాళ్లు టీచరమ్మ అనేవాళ్లు, ముస్లిం ఆడవాళ్లు టీచర్ ఆపా అనేవాళ్లు. పిల్లల్ని తూచడం, గర్భిణులకి భోజనం పెట్టడం, టీకాల రోజు ఇంటింటికీ తిరిగి పిలుచుకురావడం ఆమె పని. అది కాగితం మీద ఉన్న పని. కాగితం మీద లేని పని ఇంకో అంత. ఓటర్ల జాబితా వచ్చినా, ఏ సర్వే వచ్చినా, రిజిస్టర్ పట్టుకుని ఆమే తిరిగేది. ఎవరికి మొగుడు పోయాడో, ఎవరికి వితంతు పింఛను రావాలో, ఎవరి ఆధార్‌లో పుట్టినతేదీ తప్పుపడిందో ఆ గల్లీలో ఆమెకి తెలిసినంతగా ఏ ఆఫీసుకీ తెలియదు. మగ్గం పనిచేసే ఒక ముసలామె పింఛను ఫారం నింపడానికి రెండు పూటలు కూర్చోవడం నేను చూశాను. ఆ పనికి ఆమెకి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆమె అడగలేదు కూడా.

ఐసీడీఎస్ అని మనం పిలిచే ఈ పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. అర్ధ శతాబ్దం దాటింది. అయినా ఇది ఇప్పటికీ ‘పథకం’. పథకంలో ఉన్నవాళ్లు ఉద్యోగులు కారు. ‘గౌరవ కార్యకర్తలు’. 2006లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు, అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వ సివిల్ పోస్టు కాదని తేల్చింది. కేంద్రం ఇచ్చే గౌరవ వేతనం 2018 అక్టోబర్ నుంచి టీచర్‌కి నెలకి 4,500, ఆయాకి 2,250. మిగతాది రాష్ట్రాలు కలుపుతాయి. తెలంగాణలో 2021 పెంపు తర్వాత టీచర్‌కి మొత్తం 13,650, ఆయాకి 7,800 అయింది.

2022 ఏప్రిల్ 25న గుజరాత్ నుంచి వచ్చిన మనీబెన్ కేసులో సుప్రీంకోర్టు కొంచెం తలుపు తెరిచింది. అంగన్‌వాడీ టీచర్లకీ ఆయాలకీ 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఆ చట్టం లెక్క సులువు: చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఎన్నేళ్లు పనిచేస్తే అన్నేళ్లతో గుణించాలి. 13,650 రూపాయల మీద ముప్పై ఏళ్లకి 2,36,250 వస్తుంది. తక్కువ అనిపించొచ్చు. కానీ ఆ అంకె వెనుక ఒక మాట ఉంది. ఇది గౌరవం కాదు, బాకీ అని. అంత చిన్న మాట అనిపించుకోవడానికి ఐసీడీఎస్‌కి నలభై ఏడో ఏడు రావాల్సి వచ్చింది.

పెద్దమ్మ అరవై ఐదు నిండాక దిగిపోయింది. ఒక మొత్తం ఇస్తామన్నారు. నెలనెలా వచ్చేదంటూ ఏమీ లేదు. తను ఎందరికో నింపిపెట్టిన వృద్ధాప్య పింఛను ఫారమే ఇప్పుడు తన పేరు మీద నింపుకుంది. ఎదురుచూస్తోంది. “వస్తే బీపీ గోలీలకన్న అయితయి బిడ్డా” అంటుంది. అంతకు మించి ఏమీ అనదు. కోపం నాదే.

*

కోపం వాదన కాదు. కాబట్టి ఎదుటివాళ్ల వాదనల్ని వాటి పూర్తి బలంతోనే చూడాలి.

మొదటిది: షరతులు తెలిసే చేరింది కదా? ఎవరూ బలవంతపెట్టలేదు. నిజమే. గౌరవ వేతనం అని కాగితం మీద స్పష్టంగానే ఉంది. కానీ ఒప్పందం ఒకటి, దాని కింద జరిగే పని ఇంకొకటి అయినప్పుడు ఈ వాదన నిలవదు. గౌరవ వేతనం అన్న ఆలోచన వెనుక ఒక ఊహ ఉంది. ఇంట్లో వేరే సంపాదన ఉన్న ఒక గృహిణి, ఖాళీ సమయంలో, సమాజం కోసం కొంచెం సేపు పనిచేస్తుంది అని. ముప్పై ఏళ్లు ప్రతిరోజూ తెరవాల్సిన సెంటర్‌కి, ఫోన్లో ఎప్పటికప్పుడు ఎక్కించాల్సిన వివరాలకి, మీటింగ్‌కి రాకపోతే ఇచ్చే మెమోకి ఆ ఊహతో సంబంధం లేదు. మెమో ఇవ్వగలిగిన చోట యజమాని ఉన్నట్టే. యజమాని ఉన్నచోట ఉద్యోగి లేరనడం మాటల గారడీ.

రెండోది ఇంకొంచెం గంభీరమైనది: ఇది సేవ. సేవకి లెక్క కడితే సేవ చచ్చిపోతుంది. ఈ వాదనని నేను తేలిగ్గా కొట్టెయ్యను. పెద్దమ్మ రెండు పూటలు ఫారం నింపింది డబ్బుల కోసం కాదన్నది నిజం. కానీ చూడండి, సేవ అన్న మాట మనం ఎవరికి గుర్తుచేస్తాం? కలెక్టర్‌దీ సేవే. ఆయన సర్వీసు పేరులోనే సేవ ఉంది. అయినా ఆయనకి గౌరవ వేతనం ఇద్దామని ఎవరూ అనలేదు. నిజాం కాలపు గుమాస్తా పెన్షన్ పేరులోనే ఖిద్మత్ ఉంది. ఖిద్మత్ చేశాడు గనక వజీఫా ఇచ్చారు. ఇక్కడ సేవ చేసింది గనక ఇవ్వక్కర్లేదంటున్నారు. అదే మాట ఒకరికి అర్హత, ఇంకొకరికి అనర్హత ఎలా అయింది? పై మెట్టు మీద సేవకి ప్రతిఫలం ఉంటుంది, కింది మెట్టు మీద సేవే ప్రతిఫలం అవుతుంది. కింది మెట్టు మీద ఉన్నదంతా ఆడవాళ్లే కావడం కాకతాళీయం అని నేననుకోను.

మూడోది డబ్బు. ఇంతమందికి పెన్షన్లు ఇస్తే అసలు పేదలకి పంచడానికి ఏం మిగులుతుంది? సంక్షేమం పంచే యంత్రాంగమే సంక్షేమాన్ని తినేస్తే ఎలా? ఈ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. కానీ ఇది ఒక విషయాన్ని ముందే ఒప్పుకుని మొదలవుతుంది. ఉద్యోగి భద్రత వేరు, లబ్ధిదారు భద్రత వేరు, ఒకదానికి పెడితే ఇంకోదానికి తగ్గుతుంది అని. నా గొడవంతా ఇక్కడే. ఆ రెండూ ఒకటేనని నా అనుమానం.

*

2020 మార్చిలో తెలంగాణలో ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లు సమ్మె చేశారు. సుమారు 7,500 మంది. ప్రభుత్వం వాళ్లని మొత్తంగా తీసేసింది. తిరిగి తీసుకున్నది 2022లో. ఉపాధి హామీ అంటే ఊరిలో పని అడిగిన ప్రతి ఇంటికీ ఏడాదికి వంద రోజుల పని చట్టబద్ధమైన హక్కు అని చెప్పిన 2005 నాటి చట్టం. ఆ హక్కుని మస్టర్‌లో రాసే మనిషికి మాత్రం రేపటి పని మీద హక్కు లేదు. ఇందులో వ్యంగ్యం ఉందనేది అందరికీ కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. రేపు తీసేయగలిగిన మనిషి, ఊరి పెద్ద వచ్చి ఫలానావాళ్ల పేరు రాయొద్దంటే ఏం చేయాలి? ఎదిరించాలి అని నీతి చెప్పడం తేలిక. ఎదిరిస్తే ఎవరి పొయ్యి ఆరుతుందో చెప్పడం కష్టం.

ఆంధ్రప్రదేశ్‌లో ఇది ఇంకా పెద్దగా జరిగింది. 2019లో గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ వచ్చింది. యాభై ఇళ్లకి ఒకరు, నెలకి 5,000 గౌరవ వేతనం. ఒకటో తేదీ తెల్లారేసరికి ముసలివాళ్ల గడప ముందుకి పింఛను తెచ్చి ఇచ్చేవాళ్లు. మంచం మీద ఉన్నవాళ్లకి అది ఎంత పెద్ద విషయమో చూసినవాళ్లకి తెలుసు. ఆ సౌకర్యాన్ని నేను చిన్నది చెయ్యను. కానీ ఆ అబ్బాయికో అమ్మాయికో ఉద్యోగం లేదు, నియామక రక్షణ లేదు. ఒక ప్రభుత్వం పెట్టింది, ఇంకో ప్రభుత్వం తీసెయ్యొచ్చు. కాబట్టి వాళ్లు ఆ ప్రభుత్వం మనుషులేనని ఎదుటిపక్షం అనుమానించింది. 2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం వాళ్లని పంపిణీకి దూరంగా ఉంచమంది. ఆ నెల ముసలివాళ్లు ఎండలో నానా అవస్థలు పడ్డారు. ఎన్నికల తర్వాత జులై 1న సచివాలయ ఉద్యోగులే ఇళ్లకి వెళ్లి పంచారు. వాలంటీర్లు మిగిలారు, పని లేకుండా.

తప్పు ఏ పార్టీది అన్నది వేరే చర్చ. నాకు కనిపించేది ఇది: పంచే మనిషి ఉద్యోగం ఒక నాయకుడి దయ అయినప్పుడు, ఆ మనిషి చేతి మీదుగా వచ్చే పింఛను కూడా ఆ నాయకుడి దయలాగే కనిపిస్తుంది. తీసుకునే ముసలామెకి అది హక్కు అని నువ్వు ఎన్ని పోస్టర్లు వేసి చెప్పినా నమ్మదు. తెచ్చిచ్చే అబ్బాయి ముఖంలోనే భయం కనిపిస్తుంటే ఎలా నమ్ముతుంది?

మనలో చాలామంది కెన్ లోచ్ తీసిన ‘ఐ, డేనియల్ బ్లేక్’ చూసే ఉంటారు. 2016 సినిమా. గుండెజబ్బు వచ్చిన వడ్రంగి భృతి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే కథ. అందులో అందరూ డేనియల్‌ని గుర్తుపెట్టుకుంటారు. నాకు గుర్తుండిపోయింది ఆన్. జాబ్‌సెంటర్ ఉద్యోగిని. కంప్యూటర్ రాని డేనియల్‌కి ఫారం నింపడంలో సాయం చేస్తుంది. వెంటనే పై అధికారి పిలిచి మందలిస్తారు. ఆ ఆఫీసులో కఠినంగా ఉండటం సురక్షితం, దయగా ఉండటం ప్రమాదం. ఇలాంటి ఉద్యోగుల మీద 1980లోనే మైకేల్ లిప్‌స్కీ ఒక పుస్తకం రాశాడు. ప్రభుత్వ విధానం అనేది కాగితం మీద కాదు, కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి రోజూ తీసుకునే చిన్నచిన్న నిర్ణయాల్లో తయారవుతుందని ఆయన వాదన. అదే నిజమైతే, ఆ మనిషి ధైర్యంగా నిర్ణయం తీసుకోగలగడం లబ్ధిదారుకి దొరికే మొదటి లబ్ధి.

*

సరే, మరి భద్రత ఉన్నవాళ్లు ఎలా ఉంటున్నారు? ఇక్కడ నా వాదనకి ఎదురు నిలిచే అనుభవం నాకే ఉంది.

పెద్దమ్మ ఫారం గురించి కనుక్కోవడానికి ఒక ఆఫీసుకి ఆమెతో పాటు నేనూ వెళ్లాను. సీటులో ఉన్నాయన పర్మినెంట్ ఉద్యోగి. జీతం ఉంది, హెల్త్ కార్డు ఉంది, ఇంక్రిమెంట్ ఉంది. తల ఎత్తలేదు. “ఆన్‌లైన్‌లో చూసుకోండి” అన్నాడు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అవుట్‌సోర్సింగ్ కుర్రాడు మాత్రం, ఆయన టీకి లేచాక, స్క్రీన్ మా వైపు తిప్పి, “అమ్మా, ఇక్కడ ఆగింది చూడండి” అని చూపించాడు. భద్రత ఉన్నాయన చెయ్యని పని భద్రత లేనివాడు చేశాడు.

ఇది చూసి చాలామంది తేల్చేస్తారు: పర్మినెంట్ చేస్తే ఇంతే, భయం ఉంటేనే పనిచేస్తారు. నేను దీన్ని ఇంకోలా చదువుతాను. ఆ కుర్రాడు చూపించాడు, కానీ ఆయన లేచి వెళ్లేదాకా ఆగాడు. సాయం చెయ్యడానికి దొంగలా సమయం చూసుకోవాల్సి వచ్చింది. ఆయనకేమో ఏమీ చెయ్యకపోవడం వల్ల ఏమీ కాదు. భద్రత మంచితనాన్ని పుట్టించదు. మంచితనానికి చోటు ఇస్తుంది. ఆ చోటుని నింపడానికి జవాబుదారీతనం కావాలి. ఇన్ని రోజుల్లో తేల్చకపోతే ఎందుకో రాసివ్వాలి అన్న నియమం కావాలి. ఉద్యోగం పోతుందన్న భయం వేరు, పని గురించి జవాబు చెప్పాల్సి రావడం వేరు. మొదటిది మనిషిని పైకి చూసేలా చేస్తుంది. రెండోది ఎదురుగా ఉన్న మనిషిని చూసేలా చేస్తుంది.

*

ఇంకో మెట్టు పైకి పోదాం. ఉద్యోగి పెన్షన్ బాకీ అని మనకి ఎవరు చెప్పారు? 1982 డిసెంబర్ 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పెన్షన్ యజమాని దయతో ఇచ్చేది కాదు, చేసిన సేవకి దక్కే హక్కు, ముసలితనంలో మనిషి పరువుగా బతకడానికి ఉద్దేశించినది అని. అందుకే డిసెంబర్ 17ని పెన్షనర్లు తమ దినంగా జరుపుకుంటారు. మంచి తీర్పు. అందులోని తర్కం మాత్రం సర్కారు కొలువు దగ్గరే ఆగిపోవాల్సిన అవసరం కనిపించదు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ పనిచేసి, సత్తువ పోయాక పరువుగా బతకడం హక్కు అయితే, లాడ్ బజార్‌లో లక్క గాజులకి రాళ్లు అతికి చూపు పోగొట్టుకున్న మనిషికి ఎందుకు కాదు? ఆమె కూడా పనిచేసింది. ఆమె కొన్న ప్రతి సబ్బు మీదా, అగ్గిపెట్టె మీదా పన్ను కట్టింది.

తేడా ఎంత ఉందో ఒక్క విషయంలో చూడండి. ధరలు పెరిగితే ఉద్యోగికీ రిటైర్ అయిన ఉద్యోగికీ కరువు భత్యం పెరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు, జనవరి నుంచి ఒకటి, జులై నుంచి ఒకటి. విడుదలలో ఆలస్యం అవుతుంది, బకాయిలు పేరుకుంటాయి, గొడవలు అవుతాయి. కానీ ధర పెరిగితే పైసలు పెరగాలి అన్న సూత్రం మీద గొడవ లేదు. అదే కేంద్రం పేద వృద్ధులకి ఇచ్చే పింఛను 1995లో 75 రూపాయలతో మొదలై, 200కి చేరి, ఎనభై దాటినవాళ్లకి 500 అయ్యి, ఏళ్ల తరబడి అక్కడే నిలబడిపోయింది. కందిపప్పు ధర రెండు ఇళ్లలోనూ ఒకటే కదా. రాష్ట్రాలు తమ వంతు కలిపాయి గనక నెట్టుకొస్తున్నారు. తెలంగాణలో 2014 నవంబర్‌లో మొదలైన ఆసరా 1,000 రూపాయలు, 2019లో 2,016 అయింది. 2023 ఎన్నికల్లో దాన్ని చేయూత పేరుతో 4,000 చేస్తామన్న హామీ వచ్చింది. గమనించండి, పెరిగే ప్రతిసారీ అది ఎన్నికల లెక్కలో పెరుగుతుంది, ధరల లెక్కలో కాదు. ధరల సూచీ ఉద్యోగికి, ఎన్నికల సూచీ పేదకి.

మూసీ దాటి బర్కత్‌పుర పోతే ఈపీఎఫ్‌ఓ ఆఫీసు. ప్రైవేటులో చేసినవాళ్ల పెన్షన్ చూసేది ఆ సంస్థే. ఈపీఎస్-95 కింద వాళ్లు ఇచ్చే కనీస పెన్షన్ 2014 సెప్టెంబర్ నుంచి నెలకి 1,000. ఆ సంస్థ తన సొంత ఉద్యోగుల్ని మాత్రం ఆ పథకంలో పెట్టలేదు. వాళ్లది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పద్ధతి. దానికి చట్టపరమైన కారణాలు ఉన్నాయి, అందులో మోసం లేదు. కానీ ఒక హోటల్లో వంటవాళ్లంతా పక్క హోటల్ నుంచి తెప్పించుకుని తింటుంటే మనకి ఏమనిపిస్తుంది?

*

ఈ మాట దగ్గర ఒక ప్రమాదం ఉంది. ‘వాళ్లకి ఉంది, మనకి లేదు’ అన్న ఉక్రోషం రెండు దారులు పట్టొచ్చు. వాళ్లకీ తీసెయ్యండి అనేది ఒకటి. అందరికీ ఇవ్వండి అనేది రెండోది. మన రాజ్యం మొదటి దారిలో చాలా దూరం నడిచింది. 2004 సెప్టెంబర్ 1 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేరిన ప్రభుత్వ ఉద్యోగులకి పాత పెన్షన్ లేదు. జీతంలో పది శాతం కోసి, ప్రభుత్వం తన వంతు కలిపి, మార్కెట్లో పెట్టే సీపీఎస్ వచ్చింది. ఇప్పుడు ట్రెజరీలో కూర్చుని ముసలి టీచర్లకి పాత పెన్షన్ బిల్లు పాస్ చేసే ముప్పై ఏళ్ల ఉద్యోగికి ఆ పెన్షన్ రాదు. తన సంతకంతో ఇంకొకరికి పోయే భరోసా తన తరానికి అందదని తెలిసే రోజూ సంతకం పెడతాడు. 2024 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన ఏకీకృత పెన్షన్ పథకం, ఇరవై ఐదేళ్లు చేసినవాళ్లకి చివరి ఏడాది సగటు బేసిక్‌లో సగం హామీ అంటోంది. అంటే మార్కెట్‌కి వదిలెయ్యడం భరోసా కాదని ఇరవై ఏళ్ల తర్వాత సగమైనా ఒప్పుకున్నట్టే.

ఇది చదువుతున్న మీలో చాలామందికి పెన్షన్ అన్న మాటే పాత సినిమాలో మాటలా ఉండొచ్చు. మాదాపూర్‌లో మూడు నెలల నోటీసు మీద ఉన్నవాళ్లం, కాంట్రాక్టులో ఉన్నవాళ్లం, యాప్‌లో ఆర్డర్లు తీసుకునేవాళ్లం. సర్కారీ నౌకరీ వాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. మండటం సహజం. కానీ మనకి లేదు గనక ఎవరికీ ఉండకూడదని అనుకున్న రోజున, మన ముసలితనానికి వాదించడానికి ఒక ఉదాహరణ కూడా మిగలదు. పాత పెన్షన్ అనేది ఒక వర్గం దాచుకున్న సొత్తు అనుకుంటే దాన్ని లాక్కోవాలనిపిస్తుంది. మనిషి ముసలితనం పట్ల రాజ్యం ఎలా ఉండగలదో చూపించే నమూనా అనుకుంటే, దాన్ని కాపాడుకుని పెద్దది చెయ్యాలనిపిస్తుంది.

కౌంటర్‌కి లోపల ఉన్నవాళ్ల భద్రత, బయట నిలబడ్డవాళ్ల భద్రత ఒకే ప్రశ్న అని అందుకే అంటున్నాను. లోపలివాళ్లది గౌరవ వేతనం అయితే బయటివాళ్లది ఆసరాగానే ఉండిపోతుంది. లోపల భయం ఉంటే బయట బతిమాలుకోవడం ఉంటుంది. లోపలివాళ్లకి హక్కు ఉండి బయటివాళ్లకి లేకపోతే, ఆ రోజు మేం చూసిన తల ఎత్తని మనిషి తయారవుతాడు. ఎదుటి మనిషిది తన బాకీ లాంటిదే ఇంకో బాకీ అని అతనికి తోచదు. తను తీసుకునేది జీతం, తను ఇచ్చేది దానం అనుకుంటాడు. అలా అనుకోమని అతనికి నేర్పింది ఆ రెండు కుప్పల మాటలే.

కాబట్టి నేను కోరేది పెద్ద ఆదర్శం కాదు. అంగన్‌వాడీ టీచర్‌ది ఉద్యోగం అని ఒప్పుకుని జీతం అనాలి, గ్రాట్యుటీ అడిగించుకోకుండా ఇవ్వాలి. పేద వృద్ధుల పింఛను కూడా కరువు భత్యంలా ధరలతో పాటు, ఎవరి హామీతోనూ పని లేకుండా పెరగాలి. ఫారం ఎక్కడ ఆగిందో చూపించడానికి ఎవరూ టీకి లేచేదాకా ఆగక్కర్లేని ఆఫీసు ఉండాలి. ఈ మూడింటిలో మొదటిది లోపలివాళ్లది, రెండోది బయటివాళ్లది, మూడోది ఇద్దరిదీ. ఏ ఒక్కటి వదిలేసినా మిగతా రెండూ నిలబడవు.

పెద్దమ్మ గల్లీలో ఇప్పుడు కొత్త టీచర్ వచ్చింది. డిగ్రీ చేసిన అమ్మాయి. సాయంత్రాలు పోటీ పరీక్షలకి చదువుకుంటోందట. ఏదైనా ‘అసలు’ ఉద్యోగం వస్తే వెళ్లిపోతానంటోంది. ఆమెని తప్పుపట్టలేం. కానీ ఆ గల్లీలో ఎవరి పుట్టినతేదీ ఎక్కడ తప్పుపడిందో నేర్చుకోవడానికి పెద్దమ్మకి పదేళ్లు పట్టింది. ఉండాలనిపించే ఉద్యోగంగా దాన్ని మనం చెయ్యకపోతే, ఆ పదేళ్లు ఎవరూ ఉండరు.